అడుగున మూత

నెల్లూరులో పళ్ళ డాక్టరమ్మ నా ఎక్స్‌రేను తెరమీద పెట్టుకుని తల అటు వంచి ఇటు వంచి చూసింది. నేను వెళ్ళింది వెనక దవడ పన్ను నొప్పికి. ఆమె చూస్తున్నది ముందు పన్నును.

“మేడమ్, ఇది ఎవరు చేశారు?” అంది.

“ఏది?”

“ఈ ముందు పన్ను. వేరు కొస కోసేసి, అడుగు వైపు నుంచి ఫిల్లింగ్ పెట్టారు. ఇదిగో, ఈ తెల్ల చుక్క. చాలా పాతది లాగుంది. మద్రాసులో చేయించుకున్నారా?”

“ఆత్మకూరులో,” అన్నాను. “బస్టాండు ఎదురుగా, సైకిల్ షాపు మేడమీద. నలభై ఏళ్ళు దాటింది.”

ఆ అమ్మాయి నమ్మలేదు. నమ్మకపోతే పాయె. వేలితో పన్నును కదిపి చూసింది, అది కదల్లేదు. నాకు ఆ కుర్చీలోనే నవ్వొచ్చేసింది. నోట్లో అద్దం ఉండగా నవ్వకూడదని కసురుకుంది. నవ్వక ఏం చేసేది. ఆ తెల్ల చుక్కను చూడగానే, బస్టాండు జనం మధ్యలో నిలబడి బొటనవేలితో పై పెదవి ఎత్తి పట్టుకున్న ఒక మనిషి కళ్ళకు కట్టాడు.

ఆయన పలకరింపే అంత. నమస్కారం లేదు, సలాము లేదు. నా పన్నుకు ఆపరేషన్ చేసిన నాటి నుంచి, నన్ను ఎంత దూరంలో చూసినా సరే, కుడిచేతి బొటనవేలితో తన పై పెదవి ఎత్తేవారు. జవాబుగా నేనూ నా పెదవి ఎత్తి చూపాలి. చూపిందాకా అక్కణ్ణుంచి కదలరు. ఉదయగిరి బస్సు కిటికీలోంచి ఎత్తారు, పెళ్ళి పంక్తిలో అవతలి కొస నుంచి ఎత్తారు, ఒకసారి ఎవరినో సాగనంపుతూ శవం వెనకాల నడుస్తూ కూడా ఎత్తారు. నేను చూపిస్తే ఒక్కసారి తల ఊపి తన దారిన వెళ్ళిపోయేవారు. కొత్తలో ఊళ్ళో గుసగుసలు బయలుదేరాయి, టీచరమ్మకూ పళ్ళ సాయిబుకూ ఏంది ఈ సైగలు అని. మా అమ్మ ఊరుకునే రకమా. ఆ మాట అడిగిన పక్కింటామెను గుమ్మంలో నిలబెట్టి, నన్ను కేకేసి, తనే నా పెదవి ఎత్తి, “చూడు, బాగా చూడు. ఆయన చూసేది దీన్ని” అని చూపించి పంపింది.

మనుషుల పేర్లు ఆయనకు గుర్తుండేవి కావు. ముఖాలు కూడా అంతంతమాత్రమే. నోరు తెరిస్తే మాత్రం వంశం చెప్పేవారు. “కోరపన్ను పక్కదాని మీదికి ఎక్కింది. సంగంలో చిల్లరంగడి ఆయన కొడుకువు గదా నువ్వు” అని మొదటిసారి వచ్చినవాణ్ణి కూడా పట్టేసేవారు. అంతటి మనిషి నోట్లో రెండు పళ్ళు లేవు. అదేమిటి డాక్టరు గారూ అంటే, “అవి నేను చదువుకోక ముందు పోయినాయి. వాటికి నేను జవాబుదారీ గాదు” అనేవారు.

ఆయన సొంతూరు ఉదయగిరి. మాదీ అదే. మా నాయన అక్కడ మిషన్ బళ్ళో అయ్యవారు, ఈయనకు నాలుగో తరగతి చెప్పారు. అందుకని నేను ఉద్యోగస్తురాలినైనా, ఆత్మకూరు బళ్ళో నలభైమంది ఆడపిల్లల్ని కూర్చోబెట్టి సైన్సు చెప్పేదాన్నైనా, ఆయనకు మాత్రం అయ్యోరి కూతుర్నే. నువ్వు అనే పిలిచేవారు. వాళ్ళ ఇంట్లో మగవాళ్ళంతా కొండ కట్టెతో చెంచాలూ గరిటెలూ చెక్కేవాళ్ళు. ఈయనొక్కడే హైదరాబాదు పోయి, పళ్ళ చదువు చదివి, డెబ్బైల నడిమిలో ఆత్మకూరు వచ్చి ఆసుపత్రి పెట్టారు. భార్య, పిల్లలు ఉదయగిరిలోనే ఉండేవాళ్ళు. ఆయన సోమవారం మొదటి బస్సుకు దిగి, గురువారం సాయంత్రం తిరిగి పోయేవారు. శుక్రవారం నమాజు సొంతూళ్ళోనే.

“మా నాయన చెంచా చేస్తే సగం పొద్దు దాని అడుగు నునుపు చేసేదానికే సరిపొయ్యేది” అని చెప్పేవారు. “పైన చూసి కొంటారు గదా నాయనా అంటే, అన్నం తినేటప్పుడు పెదవికి తగిలేది అడుగేరా అనేవాడు. పన్నూ అంతే. కుండకు పైన మూత అందరూ పెడతారు. అడుగున చిల్లి ఉంటే?”

నా ముందు పన్నుకు ఉన్న జబ్బు సరిగ్గా అదే.

హైస్కూల్లో ఉన్నప్పుడు ఉదయగిరి కొండకు పిక్నిక్ పోయి, దిగేటప్పుడు మెట్ల మీద జారి బోర్లా పడ్డాను. పన్ను విరగలేదు. అప్పటికి బతికిపోయాననుకున్నాను. పదేళ్ళు గడిచాక అది నల్లబడి, పై చిగురు మీద కందిగింజంత పొక్కు లేచింది. పగిలి చీము పోయేది, వారానికి మళ్ళీ లేచేది. డాక్టరు గారు పన్నులోకి పైనుంచి రంధ్రం చేసి, లోపలి నరం తీసి, కడిగి మూసేశారు. రెండు నెలలు హాయిగా ఉంది. ఆ తర్వాత మళ్ళీ పొక్కు.

నాకు ఏడుపొచ్చింది. పన్ను కోసం ఏడుస్తారా అనకండి. బళ్ళో రోజంతా మాట్లాడేదాన్ని, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదాన్ని. పాట ఎత్తుకునేవాళ్ళకు ముందు పన్ను లేకపోతే ప్రతి మాటా గాలిలో కలుస్తుంది. తీగె కట్టిన పెట్టుడు పన్ను పెట్టుకుని, కీర్తన నడి మధ్యలో దాన్ని నాలుకతో అదిమి పట్టుకునే ఒక ముసలాయన్ని ఏళ్ళ తరబడి చూసినదాన్ని. నాకు ఆ గతి వద్దనిపించింది. అదే చెప్పాను.

“పెరికెయ్యమంటే ఇప్పుడే పెరికేస్తా” అన్నారాయన. “అది పటకారు పని. దానికి నేను ఇంత చదువు చదవాల్నా?”

“మరి ఏం చేస్తారు?” అంది నా వెంట వచ్చిన మా అమ్మ.

“క్రిములు పన్ను కొస నుంచి ఎముకలోకి దిగతా ఉండాయమ్మా. పైన మూసినా అడుగున దారి ఉండాది. చిగురు కోసి, ఎముకలో శనగ గింజంత కిటికీ తీసి, వేరు కొస తుంచేసి, ఆ చివర చిన్న గుంట తవ్వి, మందు కూరి, కుట్టేస్తా.”

మా అమ్మ ఆయన్ను ఎగాదిగా చూసింది. “పన్నుకా నాయనా నువ్వు చేసేది, బావికా?”

ఆయనకు ఆ మాట తెగ నచ్చింది. తర్వాత ఎందరికో చెప్పుకున్నారు. అయితే చిక్కంతా ఆ కూరే మందు దగ్గర వచ్చింది. చదువుకున్నప్పుడు నేర్పింది వెండి పొడిని పాదరసంతో నూరి పెట్టే ఫిల్లింగు. అందరూ అదే పెడతారు. అంచుల్లో సందు వస్తుందని కొందరంటారు, రాదని కొందరంటారు. లవంగ నూనెలో తెల్ల పొడి కలిపి చేసే సిమెంటు మేలని ఇంకొందరంటారు, అది కాలక్రమాన కరిగిపోతుందని వేరేవాళ్ళంటారు. వేడిచేసి కూరే, రబ్బరు లాంటి గులాబి రంగు గటాపర్చా ఒకటుంది.

“వాళ్ళ తగువు తీరేదాకా నీ పన్ను ఆగదు” అన్నారాయన. “నేనే చూస్తా. రెండు వారాలు ఆగు.”

ఏం చూస్తారో నాకు అర్థం కాలేదు. వారం తర్వాత బడి వదిలాక వెళ్ళి చూస్తే, ఆసుపత్రి కిటికీ పక్కన చెక్క స్టాండు మీద పన్నెండు సీసాలున్నాయి. ఇంజెక్షను మందు వచ్చే చిన్న సీసాలు. స్టాండు ఉదయగిరిలో వాళ్ళ తమ్ముడు చెక్కిచ్చింది, దానికి అంచుల్లో లతలు కూడా ఉన్నాయి. ప్రతి సీసా రబ్బరు మూతలోంచి ఒక మనిషి పన్ను తలకిందులు కాకుండా నిలువుగా దూర్చి, చుట్టూ మైనం పోశారు. వేరు కొస సీసాలోని పాలలో మునిగి ఉంది. కొసకు కోత, కోతలో మందు. నాలుగింటికి వెండి, నాలుగింటికి లవంగ సిమెంటు, నాలుగింటికి గటాపర్చా.

“పైన పన్ను బొక్కలో ఇక్కడుండే నాలుగు రోజులూ ఒక చుక్క మజ్జిగ పోస్తా” అన్నారు, చిన్నపిల్లాడు బొంగరం చూపించినట్టు. “అడుగున మూత గట్టిగా ఉంటే మజ్జిగ కిందికి దిగదు, పాలు పాలుగానే ఉంటాయి. సందు ఉందో, మజ్జిగలో క్రిమి దిగతాది, పాలు తోడుకుంటాయి. క్రిమి కంటికి కనపడదమ్మా. పెరుగు కనపడతాది.”

నేను సైన్సు టీచర్ని. ఇంత చక్కటి ప్రయోగం మా లాబులో ఒక్కటీ లేదు. పైకి అనలేదు గానీ కుళ్ళుకున్నాను.

“పాలు వాటంతట అవే చెడిపోవూ?”

“సీసాలతో సహా కుక్కర్లో పెట్టి ఎనిమిది విజిల్స్ వేయించినా.”

ఆసుపత్రిలో పళ్ళ సామాన్లు ఉడకబెట్టే కుక్కరే అది. అన్నమూ దాంట్లోనే వండుకునేవారని విన్నాను. నేను అడగలేదు.

“ఏ మందూ పెట్టని ఖాళీ పన్ను సీసా ఏది?” అన్నాను.

“అదెందుకు? చిల్లి ఉంటే కారతాదని తెలిసిందే గదా. ఒక పన్ను దండగ.”

“పోల్చి చూసేదానికి ఒకటి ఉండాలండీ. ఎనిమిదో తరగతి పిల్లలకు కూడా చెప్తాం.”

“నేను ఎనిమిది ఎప్పుడో పాసైనా” అన్నారు. అంతటితో ఆ మాట అయిపోయింది. ఆయనకు పళ్ళ దగ్గర తప్ప ఇంకెక్కడా పిసినారితనం లేదు. పెరికిన ప్రతి పన్నునూ మందునీళ్ళలో దాచేవారు. పని అయిపోయాక గుడ్డలో మూట గట్టి ఉదయగిరి తీసుకుపోయి ఇంటి పెరట్లో పాతిపెట్టేవారు. మనిషి ఒంట్లోంచి తీసింది ఏదైనా మట్టిలో కలపాలి, చెత్తలో వెయ్యకూడదు అనేది వాళ్ళ ఇంటి పద్ధతి.

రెండు వారాలకు పన్నెండు సీసాల్లోనూ పాలు పాలుగానే ఉన్నాయి. ఆయన ముఖం వెలిగిపోయింది.

“ఏ మందైనా ఒకటే. వెండిని అనవసరంగా ఆడిపోసుకున్నారు. అలవాటైన చెయ్యి, అదే పెడతా.”

మార్చి నెలలో ఒక మంగళవారం నా చిగురు కోసి, ఎముకలో కిటికీ తీసి, వేరు కొసకు వెండి కూరారు. ముప్పావుగంట పట్టింది. పట్టినంతసేపూ ఉర్దూలో ఏదో సన్నగా పాడుకుంటూనే ఉన్నారు. మూతి నా పిడికిలంత వాచింది. మా అమ్మ వారం రోజులు జావ పోసింది. ఎనిమిదో రోజు కుట్లు విప్పి, బొటనవేలితో తన పెదవి ఎత్తి, “ఇంకమీదట నన్ను ఎక్కడ చూసినా ఇట్ట చూపిచ్చాల” అన్నారు. ఆ సైగ అలా మొదలైంది.

తర్వాత పది పన్నెండు రోజులకు మా అమ్మ ఉదయగిరి పోయింది. తెల్లారి పాలాయన తలుపు కొడితే గిన్నె పట్టుకుని నేనే వెళ్ళాను. ఆయన సైకిలుకు రెండు వైపులా రెండు క్యాన్లు.

“తోడుకా, కాఫీకా?” అన్నాడు.

“అదేంది?”

“మీ అమ్మ తోడుకే పోయించుకుంటాది. ఇది తోడుకు, ఇది కాఫీకి.”

“రెండింటికీ తేడా ఏంది?”

పాలాయన అటూ ఇటూ చూశాడు. “ఎండలు ముదిరినాయి గదా టీచరమ్మా. సంగం నుంచి వచ్చేలోపల విరిగిపోతాయి. కాఫీ పాలల్లో రవ్వంత వంటసోడా వేస్తా. కాఫీకి ఏం గాదు. కాకుంటే తోడుకోవు. ఎంత మజ్జిగ పోసినా అట్టనే ఉంటాయి.”

నా చేతిలో గిన్నె అట్టే ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా ఆ పెరుగు తింటున్నానే గానీ ఆ రెండు క్యాన్ల సంగతి నాకు తెలియదు. పిల్లలకు ఆమ్లాలూ క్షారాలూ చెప్పేదాన్ని నేనే.

“పళ్ళ డాక్టరు గారికి ఏ పాలు పోస్తావు?”

“ఒంటరిగా ఉండే మగాళ్ళందరికీ కాఫీ పాలే. వాళ్ళెక్కడ తోడేస్తారు?”

ఆ పొద్దు బడికి పోయే దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకే నడిచాను. చెప్తే ఆయన ప్రయోగం మట్టి కొట్టుకుపోతుంది. చెప్పకపోతే? ఆ వెండి నా పన్నులో ఉంది. అది కారుతుందో లేదో లోకంలో ఎవరికీ తెలియదు. సాయంత్రం మేడ మెట్లెక్కి, చెప్పేశాను.

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి సీసాలను ఒకసారి చూసుకున్నారు. ఆ తర్వాత పాలాయన్ను పిలిపించారు. పాలాయన చేతులు కట్టుకుని నిలబడి, “మీరు కాఫీకనుకున్నా సార్. పళ్ళకని చెప్పినారా?” అన్నాడు.

అంతే, డాక్టరు గారు పడీపడీ నవ్వారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. పాలాయన కూడా నవ్వాడు, ఎందుకు నవ్వుతున్నామో తెలియకపోయినా. నవ్వు ఆగాక ఆయన నా వైపు తిరిగి, “ఖాళీ పన్ను సీసా ఒకటి పెట్టి ఉంటే మొదటి రోజే తెలిసేది. దాంట్లో పాలు కూడా తోడుకోకుంటే, తప్పు పాలదని పట్టేసి ఉందుము” అన్నారు. “నువ్వు చెప్తానే ఉన్నావు. నేను ఎనిమిది పాసైనా.”

ఆ సోమవారం ఉదయగిరి మొదటి బస్సులో ఆయనతో పాటు ఒక పెద్ద ఫ్లాస్కు వచ్చింది. అందులో ఆయన భార్య స్వయంగా పితికిన వాళ్ళ గేదె పాలు. ఆమెను మేమంతా అక్కా అన్నట్టు ఆపా అనేవాళ్ళం. ఆపా ఒక చిన్న స్టీలు డబ్బాలో తోడు కూడా పంపి, “మజ్జిగ గాదు, ఇది వెయ్యమని చెప్పు. మా ఇంటి తోడు రాయినైనా పెరుగు చేస్తాది” అని చెప్పి పంపిందట. ఈసారి పద్నాలుగు సీసాలు. పదమూడో దాంట్లో మందు పెట్టని ఖాళీ పన్ను. పద్నాలుగో దాంట్లో కొస దాకా మైనం పూసి పూర్తిగా మూసేసిన పన్ను. ఆ రెండు సీసాల చీటీలూ నా చేతనే రాయించి అతికించారు.

మర్నాటికి పదమూడో సీసాలో గడ్డ పెరుగు. పద్నాలుగోది పాలుగానే ఉంది. ఆయన ఆ రెండింటినీ రెండు చేతుల్లో పట్టుకుని ఆసుపత్రికి వచ్చిన ప్రతివాడికీ చూపించారట. పంటి నొప్పితో వచ్చిన వాళ్ళకు ఇదేమి కర్మ అనుకోండి.

ఆ తర్వాత నాకు కబురు లేదు. నేనూ వెళ్ళలేదు. వెళ్ళకపోవడానికి నా కారణం నాకుంది. ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే చిగురు మీద నాలుకకు ఏదో తగిలింది. అద్దంలో చూశాను. ఆవగింజంత పొక్కు. పళ్ళపొడి ఒరుసుకుందేమో అనుకున్నాను. మర్నాడూ ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఇంక పెరికేయడమే కదా అని భయం. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకున్నాను, మనసు మాత్రం పొక్కు మీదే ఉంది.

ఆ వారంలోనే ఆయన బస్టాండులో కనబడ్డారు. ఇప్పుడు పెదవి ఎత్తమంటారు, ఎత్తితే దొరికిపోతాను అనుకున్నాను. ఆయన నన్ను చూశారు. చూసి, పెదవి ఎత్తలేదు. తల వంచుకుని, గొడుగు అడ్డం పెట్టుకుని, సోడా బండి వెనక నుంచి వెళ్ళిపోయారు.

ముందు హమ్మయ్య అనుకున్నాను. నాలుగడుగులు వేశాక అర్థమైంది. ఆయన నా నుంచి తప్పించుకుంటున్నారు. అంటే వెండి పెట్టిన సీసాల్లో పాలు తోడుకున్నాయి.

రెండు రోజులు ఆయన నన్ను తప్పించుకున్నారు, నేను ఆయన్ను తప్పించుకున్నాను. ఆత్మకూరు ఎంత ఊరు. మూడో రోజు ఒంటిపూట బడి, తొమ్మిదింటికే ఎండ మండుతోంది. నేను ఏడో తరగతికి కప్ప గుండె బొమ్మ గీస్తున్నాను. గుమ్మంలో నీడ పడింది. గొడుగుతో డాక్టరు గారు, ఆయన వెనకాల మా హెడ్‌మిస్ట్రెస్, ఆడపిల్లల బళ్ళోకి ఇలా వచ్చేస్తే ఎలాగండీ అంటూ.

ఆయన ఆవిడ మాట వినిపించుకోలేదు. నలభైమంది పిల్లల ముందు నిలబడి, “టీచరమ్మా, నేను తప్పు చేసినాను” అన్నారు.

పెద్దవాళ్ళు ఆ మాట అనడం ఆ పిల్లలు ఎప్పుడూ విని ఉండరు. నేను మాత్రం ఎప్పుడు విన్నాను గనక.

“వెండి పెట్టిన నాలుగు సీసాల్లో మూడు పెరుగైనాయి. గటాపర్చా రెండు. లవంగ సిమెంటు నాలుగూ పాలుగానే ఉండాయి ఈ పొద్దుటికి. నాకు మూడు రోజుల కిందటే తెలుసు. చెప్పేదానికి సిగ్గేసి తిరగతా ఉండా. నీకు నొప్పి లేకుంటే అట్టనే ఉండనీ అంటే ఉండనిస్తా. పన్ను నీది. కాని తెలిసి చెప్పకుండా ఉండలేను.”

నాకు కోపం వచ్చింది. వచ్చింది అంటే మామూలుగా కాదు, చేతిలో సుద్దముక్క విరిగింది. ఖాళీ పన్ను సీసా పెట్టమని అడిగాను, వినలేదు. వారం రోజులు జావ తాగాను. అదంతా మొహాన అనేద్దామని నోరు తెరిచాను. ఎదురుగా ఆ మనిషి, గొడుగు రెండు చేతులతో పట్టుకుని, తిట్లు తినడానికి వచ్చిన పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. తిట్టు నోట్లోనే ఆగిపోయింది. బొటనవేలితో నా పెదవి ఎత్తి చూపించాను.

ఆయన దగ్గరికి వచ్చి, వంగి చూసి, “ఎన్నాళ్ళయింది?” అన్నారు.

“ఐదు రోజులు.”

“చెప్పలేదే.”

“మీరు చెప్పినారా?”

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. హెడ్‌మిస్ట్రెస్ నోరు తెరిచి మూసింది. ఆయన ఆవిడ వైపు చూసి, “మీకు కింద పన్ను ఒకటి కదలతా ఉండాది. ఒకసారి రండి” అని చెప్పి వెళ్ళిపోయారు.

రెండో ఆపరేషన్ గంటన్నర పట్టింది. ఈసారి పాట లేదు. వెండిని గీకి తీసి, గుంట కడిగి ఆరబెట్టి, లవంగ సిమెంటు కూరారు. ఆ వాసన నా ముక్కులో ఇప్పటికీ ఉంది. పలావు వండినప్పుడల్లా నాకు చిగురు జివ్వుమంటుంది. మధ్యలో ఆయన చెయ్యి ఒక్కసారి ఆగింది. “ఇది ఎన్నేళ్ళు నిలబడతాదో నాకు తెలీదు. నా సీసాలకు వయసు నెలే. కరిగిపోతాదని అనేవాళ్ళూ ఉండారు. అందుకని ఏడాదికి ఒకసారి నాకు చూపిచ్చాల. నేను చచ్చిందాకా” అన్నారు. నోరు నిండా దూది ఉంది, నేను ఊ అన్నాను.

వెండి పెట్టినవాళ్ళు నాతో కలిపి ముగ్గురు. మిగతా ఇద్దరి దగ్గరికీ సంచీ తగిలించుకుని బస్సెక్కి వెళ్ళారు. సంగంలో ఒకామె ఒప్పుకుని మళ్ళీ చేయించుకుంది. కలువాయిలో రైతు ఒకాయన చెప్పిందంతా విని, మజ్జిగిచ్చి, “ఒకసారి కోసింది చాలు సాయిబూ. మా నోరేమన్నా మీ సీసానా” అని పంపించేశాడు. తమాషా ఏమిటంటే ఆయనకు ఆ వెండితోనే ఏళ్ళ తరబడి ఏమీ కాలేదు. ఆ సంగతి డాక్టరు గారే వెళ్ళి వెళ్ళి చూసొచ్చి నాకు చెప్పేవారు. “సీసా చెప్పేది సీసాలో మాట. నోటి మాట నోరే చెప్పాల” అని నవ్వేవారు. లవంగ సిమెంటు సీసాల్లో ఒకటి కూడా నెలా పదిరోజులకు పెరుగైంది. అది కూడా దాచలేదు. ఆ సీసా తెచ్చి నా బల్లమీద పెట్టి, నా పెదవి ఎత్తించి చూసి, మళ్ళీ తీసుకుపోయారు.

నా పొక్కు మాత్రం మళ్ళీ లేవలేదు.

ఆ తర్వాత నాకు నెల్లూరు బదిలీ అయింది. ఏడాదికి ఒకసారి అన్న మాట చాలాకాలం నిలబెట్టుకున్నాను. ఆత్మకూరు మీదుగా పోయే బస్సు దిగి, మేడ మెట్లెక్కి, పెదవి ఎత్తి, మళ్ళీ బస్సెక్కేదాన్ని. ఆయన మోకాళ్ళు అరిగి మెట్లు ఎక్కలేక ఆసుపత్రి మూసేశాక ఉదయగిరి వెళ్ళి చూపించేదాన్ని. తర్వాత తర్వాత బద్ధకించాను. పన్ను బాగుంటే డాక్టరు గుర్తుంటాడా. ఆయన పోయిన సంగతి నాకు తెలిసేసరికి నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన కూడా అయిపోయింది. అప్పుడు కూడా వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళేది అనుకున్నాను.

అందుకే నెల్లూరు డాక్టరమ్మను ఆ ఎక్స్‌రే ఫిల్ము మీద కావాలని అడిగాను. అలా ఇవ్వడం మానేశామంది. నేను కుర్చీ దిగలేదు. చివరికి ఎక్కడినుంచో తీయించి ఇచ్చింది. మర్నాడే ఉదయగిరి బస్సెక్కాను.

ఆపా పెరట్లో సీతాఫలం చెట్టు కింద మంచం మీద కూర్చుని ఉంది. ఎనభై దాటాయి. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

“అయ్యోరి కూతురా” అంది. “రెండుసార్లు కోయించుకున్నదానివి.”

నేను ఫిల్ము చేతికిచ్చి, ఎండకు పట్టి ఆ తెల్ల చుక్కను చూపించాను. ఇదే ఆపా, ఆయన పెట్టిన మూత, నలభై ఏళ్ళయినా కారలేదు అన్నాను. ఆపా ఫిల్మును అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టేసింది.

“ఈ నల్ల అట్ట నాకేం తెలస్తాది. ఆయన తెచ్చి పాతిన పళ్ళన్నీ ఈ చెట్టు కిందనే ఉండాయి. మీ ఆత్మకూరు ఊరంతా ఇక్కడే ఉండాది. నీ పన్ను ఒకటీ ఎప్పటికైనా మూటలో వస్తాదేమో అని భయపడతా ఉండేవాడు పాపం. ఏడాదికొకసారి చూపిచ్చమని చెప్పినాడంట గదా నీకు?”

“చెప్పారు ఆపా. నేనే రాలేదు.”

ఆపా బొటనవేలితో తన పై పెదవి ఎత్తి పట్టుకుని, నా వైపు చూస్తూ కూర్చుంది. నేను ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని నా పెదవి ఎత్తాను. ఎండ పడేలా నా గడ్డం పట్టుకుని ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. చూసి, ఆయనలాగే ఒక్కసారి తల ఊపింది.

“ఉండాది” అంది. “వచ్చే ఏడాది మళ్ళా రా.”